స్విచ్ బోర్డు టైలే చెబుతుంది ఏ కట్టర్ కావాలో: వంటింటి గోడ టైల్స్ సొంతంగా కోసుకునేవాళ్ళకి

వంటగట్టు వెనక గోడకి టైల్స్ మనమే వేసుకుందాం అనుకున్నవాళ్ళు మొదట అడిగేది "ఏ కట్టర్ కొనమంటారు?" అని. జవాబు చెప్పే ముందు నేను తిరిగి ఒకటి అడుగుతాను. మీ గోడ మీద స్విచ్ బోర్డులు ఎన్ని, పైపులు ఎన్ని? చాలామంది దీని దగ్గరే ఆగిపోతారు. టైలు రంగు తెలుసు, గ్రౌట్ (టైల్స్ మధ్య సందుల్లో నింపేది) రంగు కూడా అనుకునే ఉంటారు, బోర్డులు మాత్రం లెక్కపెట్టి ఉండరు. టైలుని ఈ చివర నుంచి ఆ చివరకి సూటిగా కోయడం దాదాపు ఏ పనిముట్టుతోనైనా అయిపోతుంది. మధ్యలో గాడి తీయాల్సిన టైల్స్, మూల కొట్టేయాల్సిన టైల్స్, పైపు కోసం బెజ్జం పెట్టాల్సిన టైల్స్ కొన్నే ఉంటాయి, కానీ మీ టైమూ ఓపికా డబ్బూ ఎక్కువగా తినేది అవే. అందుకే కట్టర్ గురించి ఆలోచించడం అక్కడి నుంచే మొదలుపెట్టాలంటాను.

ముందు గోడ లెక్క

కాగితం మీద గోడ బొమ్మ గీయండి, ఎంత వంకరగా వచ్చినా ఫర్వాలేదు, కొలతలు సరిగ్గా ఉంటే చాలు. ఉదాహరణకి గోడ 3 మీటర్ల పొడవు, గట్టు నుంచి పై అల్మారా అడుగు దాకా 60 సెంటీమీటర్ల ఎత్తు అనుకుందాం. మీరు తెచ్చుకున్నవి 75 × 150 మిల్లీమీటర్ల చిన్న టైల్స్, ఇటుక కట్టుబడిలాగా ఒక్కో వరసని సగానికి జరిపి వేస్తున్నారు, టైలుకీ టైలుకీ మధ్య 2 మిల్లీమీటర్ల సందు. గట్టుకి ఆనకుండా కింద 3 మిల్లీమీటర్లు వదలాలి. అక్కడ గ్రౌట్ వద్దు, సిలికాన్ వేయాలి, ఎందుకంటే గట్టూ గోడా దేని కదలిక దానిదే, గ్రౌట్ వేస్తే కొన్నాళ్ళకి పగులుతుంది. మిగిలిన 597లో వరసకి 77 చొప్పున ఏడు నిండు వరసలకి 539 పోతే పైన 58 మిగులుతుంది, అల్మారా కింద కాస్త సందు తీసేస్తే 55 మిల్లీమీటర్ల ముక్క పడుతుంది. అంటే పై వరసలోని ఇరవై టైల్స్‌నీ పొడవునా కోసి 20 మిల్లీమీటర్ల పట్టీ తీసేయాలి. ఒక్కో వరసకి రెండు చివర్లా ఒక్కో కోత, ఎనిమిది వరసలకి పదహారు. రెండు స్విచ్ బోర్డులుంటే, ఇంత చిన్న టైల్స్‌లో ఒక్కో బోర్డు నాలుగైదు టైల్స్‌ని తాకుతుంది. మొత్తం కలిపి నలభై ఐదు కోతలు అటూఇటూగా, వాటిలో ముప్పై ఆరు సూటివి.

ఇప్పుడు అదే గోడకి 300 × 600 టైల్స్ అడ్డంగా వేద్దామనుకోండి. కింద ఒక నిండు వరస 302 తీసుకుంటే పైన 295 మిగులుతుంది, సందు వదిలితే 292. అంటే 300 టైలులోంచి 8 మిల్లీమీటర్ల సన్న పట్టీని 600 పొడవునా తీయాలి. ఈ పని గీసి విరిచే చేతి కట్టర్‌తో కాదు, గీత బాగానే పడుతుంది కానీ విరవడానికి అటువైపు పట్టు దొరకదు, పట్టీ మూడు నాలుగు చోట్ల తునిగి టైలు అంచు రంపపు పళ్ళలా మిగులుతుంది. దీనికి నీళ్ళతో తడుస్తూ తిరిగే బ్లేడు ఉన్న నీళ్ళ కట్టర్ తప్పదు. గోడ మారలేదు, మనిషి మారలేదు, టైలు సైజు మారేసరికి కొనాల్సిన పనిముట్టే మారిపోయింది. టైల్స్ ఇంకా కొనకపోతే ఈ లెక్క ఇప్పుడే వేసుకోండి, సన్న పట్టీలు రాని సైజు ఎంచుకుంటే కట్టర్ ఖర్చు సగం అక్కడే తగ్గుతుంది.

మీ టైలు నిజంగా సిరామిక్కేనా?

పెట్టె మీద ఏం రాసి ఉన్నా సరే, ఒక టైలు తిరగేసి వెనకవైపు నాలుగు నీటి చుక్కలు వేయండి. పొడి ఇసుక మీద పోసినట్టు నీళ్ళు ఇంకిపోయి మచ్చ కడితే అది మామూలు గోడ టైలు, మెత్తని మట్టి దేహం మీద గాజులాంటి నున్నని గ్లేజ్ పొర ఉన్న రకం. చుక్క చుక్కలాగే నిలబడి ఉంటే అది విట్రిఫైడ్ లేదా పోర్సిలిన్. ప్రమాణాల ప్రకారం పోర్సిలిన్ పీల్చే నీరు దాని బరువులో 0.5 శాతం మించకూడదు, మెత్తని గోడ టైల్స్ 10 శాతం దాటి కూడా పీలుస్తాయి. ఈ తేడా చేతికి బాగా తెలుస్తుంది. మెత్తని టైలు చేతి కట్టర్ కింద బిస్కెట్టులా విరుగుతుంది. పోర్సిలిన్‌కి గట్టి కట్టర్, పదునైన చక్రం, ఇంకాస్త ఓపిక కావాలి, బెజ్జాలకైతే డైమండ్ బిట్టు తప్ప మరోటి పనికిరాదు. ఇక్కడ నేను చెప్పేదంతా ప్రధానంగా మెత్తని సిరామిక్ గురించే, వంటింటి గోడకి అంతకంటే గట్టిది అక్కర్లేదు కూడా. ఆ గోడ మీద ఎవరూ నడవరు.

చేతి కట్టర్, అంటే గీసి విరిచేది

నాకు అన్నిటికంటే ఇష్టమైన పనిముట్టు ఇదే, కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. ఒక పలక, దాని మీద కడ్డీలు, కడ్డీల వెంట జారే పిడి, పిడి కింద చిన్న టంగ్‌స్టన్ కార్బైడ్ చక్రం. చక్రం గ్లేజ్ మీద గీత పెడుతుంది, తర్వాత పిడికున్న రెక్కలు గీతకి అటూఇటూ నొక్కుతాయి, టైలు టక్కున రెండవుతుంది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, దుమ్ము దాదాపు లేదు, అర్ధరాత్రి కోసినా పక్కింటివాళ్ళు లేవరు. గోడ పక్కనే నేల మీద పెట్టుకుని ఒక్కో ముక్కా కొలిచి, కోసి, అంటించుకుంటూ పోవచ్చు. సొంతంగా చేసేవాళ్ళకి ఇది చాలా పెద్ద సుఖం, ఎందుకంటే ఏ గోడా పూర్తిగా నిటారుగా ఉండదు, చివరి ముక్కలు ఒక్కోటి ఒక్కో కొలతలో వస్తాయి.

ఇది పనిచేసే తీరు అర్థమైతే తప్పులు వాటంతటవే తగ్గుతాయి. పింగాణీ, గాజు లాంటివి నొక్కితే చాలా ఓర్చుకుంటాయి, లాగితే ఓర్చుకోలేవు. 1921లో అచ్చయిన పేపరులో ఎ.ఎ. గ్రిఫిత్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు గాజు గురించి తేల్చింది కూడా ఇదే, అది తెగిపోయేది దానిలో ముందే ఉన్న సన్న బీటల దగ్గర్నుంచి అని. మనం చక్రంతో చేసేది అలాంటి బీటని మనకి కావలసిన చోట పుట్టించడం. విరిచేటప్పుడు పై ముఖం సాగుతుంది, బీట ఆ గీత పట్టుకుని వెనక దాకా పరిగెడుతుంది. కాబట్టి గీత ఒక్కసారే గీయాలి. సరిగా పడలేదేమో అని రెండోసారి గీస్తే పక్కనే ఇంకో బీటకి దారి చూపించినట్టు, టైలు ఎటు విరగాలో దానికే తెలియదు. ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకే ఒత్తిడితో ఒక్క ఊపు. చెవి పెట్టి వినండి, బట్ట చింపినట్టు ఒకే తీరుగా "సర్ర్‌ర్" మని శబ్దం రావాలి, మధ్యలో ఆగి మొదలైతే ఆ చోట గీత పడలేదని అర్థం. బలం ఉపయోగించాల్సిన పని అసలు కాదు. నాలుగైదు పాత టైల్స్ పాడుచేసుకుంటే చేయి అలవాటు పడిపోతుంది, ఆ నాలుగైదు కలుపుకునే 10 నుంచి 15 శాతం టైల్స్ ఎక్కువ తెచ్చుకోమంటారు.

కొనేటప్పుడు చూడాల్సినవి రెండు. ముందు పిడిని పట్టుకుని పక్కలకి కదిపి చూడండి. కడ్డీల మీద లొడలొడమంటే వద్దు, ఎంత చవకగా వచ్చినా వద్దు, గీత వంకర పోతుంది. రెండోది చక్రం. నేను ఒకసారి తెలిసినవాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్న కట్టర్‌తో పొద్దుణ్ణుంచి మధ్యాహ్నం దాకా పదకొండు టైల్స్ పాడుచేశాను, తప్పు నా చేతిదే అనుకుంటూ కూర్చున్నాను. చివరికి చక్రాన్ని వెలుతురులో తిప్పి చూస్తే అంచు మీద ఒకచోట ఆవగింజంత పెచ్చు లేచిపోయి ఉంది. ప్రతి చుట్టులోనూ ఆ చోట గీత తెగుతోంది. కొత్త చక్రం బిగించాక మొదటి టైలే గీత వెంట నున్నగా విరిగింది. కట్టర్ అరువు తెచ్చుకున్నా అద్దెకి తెచ్చుకున్నా చక్రం మాత్రం కొత్తది మీరే వేసుకోండి.

దీనితో కానివి కూడా స్పష్టంగా తెలియాలి. 12 మిల్లీమీటర్ల కంటే సన్న పట్టీలు నమ్మకంగా రావు. ఎల్ ఆకారం, యు ఆకారం కోయదు. చేత్తో చేసినట్టు ఎగుడుదిగుడుగా ఉన్న టైలు మీద చక్రం ఎగిరెగిరి పడుతుంది. ఐమూలగా కోయొచ్చు, కానీ కట్టర్ పొడవు ఆ ఐమూల కొలతకి సరిపోవాలి. కొనే రోజు టైలు పొడవే చూసి, ఐమూల సంగతి మర్చిపోయి తర్వాత బాధపడేవాళ్ళు చాలామంది.

నీళ్ళ కట్టర్

బల్లలాంటి దాని మధ్యలో డైమండ్ బ్లేడు తిరుగుతూ ఉంటుంది, కింద తొట్టిలోంచి నీళ్ళు తీసుకుంటుంది, టైలుని మనం మెల్లగా దాని వైపు నెడతాం. నీళ్ళు బ్లేడుని చల్లబరుస్తాయి, దుమ్ముని బురద చేసి కిందకి దించేస్తాయి. అంచు నున్నగా వస్తుంది, 8 మిల్లీమీటర్ల పట్టీ అయినా 5 మిల్లీమీటర్ల పట్టీ అయినా తీసేస్తుంది, మూల కొట్టడం తేలిక, గాజు టైల్స్‌కి కూడా (దానికి వేరే బ్లేడు వేస్తే) ఇదే దిక్కు. బయటి మూలలో రెండు టైల్స్ అంచులు 45 డిగ్రీల్లో చెక్కి కలపాలనుకుంటే చేతి కట్టర్ గురించి మర్చిపోయి దీని దగ్గరికే రండి.

మరి అందరికీ ఇదే చెప్పొచ్చు కదా అంటే, చెప్పను. ముందు దీన్ని గోడ పక్కన పెట్టుకోలేరు. బురద నీళ్ళు చిమ్ముతుంది, కాబట్టి బాల్కనీలోనో పెరట్లోనో పెట్టాలి, ప్రతి ముక్కకీ కొలత పట్టుకుని అటు నడవాలి, తడి టైలు పట్టుకుని ఇటు రావాలి, ఆ తడి ముక్క వెనక తుడిచి ఆరాకే జిగురు సరిగా పడుతుంది. నలభై ఐదు కోతలంటే నలభై ఐదుసార్లు అటూఇటూ. ముప్పై ఆరు సూటి కోతల కోసం ఇంత తిరగడం నాకైతే అర్థం లేదనిపిస్తుంది.

రెండోది అద్దె టెన్షన్. రోజు చొప్పున అద్దెకి తెచ్చుకుంటే సాయంత్రానికల్లా అన్నీ కోసేయాలి, కానీ ఏ ముక్క ఎంత కోయాలో టైల్స్ గోడ మీదకి ఎక్కేదాకా తెలియదు. దీనికి నేను పాటించే దారి ఒకటుంది. మొదటి రోజు నిండు టైల్స్ అన్నీ అంటించేసి, చేతి కట్టర్‌తో అయ్యే సూటి ముక్కలు కూడా వేసేసి, బోర్డుల చుట్టూ, మూలల్లో ఖాళీలు అలాగే ఉంచేస్తాను. ఆ ఖాళీల్లోకి కారిన జిగురు మాత్రం పచ్చిగా ఉండగానే గీకేయాలి, ఎండితే ముక్క లోపల కూర్చోదు. రాత్రి తీరిగ్గా ఒక్కో ఖాళీ కొలిచి, టైల్స్ మీద గీతలు పెట్టి, వెనక నంబరు వేసి పెట్టుకుంటాను. మర్నాడు యంత్రం తెస్తే రెండు గంటల్లో పని అయిపోతుంది.

నీళ్ళూ కరెంటూ పక్కపక్కనే ఉన్న యంత్రం కాబట్టి లీకేజీ వస్తే కరెంటు తెంచేసే బ్రేకర్ ఉన్న ప్లగ్గుకే పెట్టండి. వైరు ప్లగ్గు కంటే కిందకి ఒకసారి వేలాడి పైకి వెళ్ళేలా చూడండి, అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, ప్లగ్గులోకి పోదు. టైలుని తొందరపెట్టి నెట్టకండి, ముఖ్యంగా చివరి రెండు సెంటీమీటర్లలో. అక్కడే మూల తునిగి పడిపోతుంది. బ్లేడు కోయడం మానేసి రుద్దుతున్నట్టు, టైలు వేడెక్కుతున్నట్టు అనిపిస్తే ఒక పాత ఇటుక ముక్కని రెండు మూడుసార్లు కోయండి, అరిగిపోయిన పైపొర పోయి కొత్త డైమండ్ గింజలు బయటికి వస్తాయి.

గ్రైండరూ మార్బుల్ కట్టరూ

చాలా ఇళ్ళల్లో ఇప్పటికే ఉండేది 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్. కొత్తగా ఏదీ కొనకుండా ఒక డైమండ్ బ్లేడు తెచ్చుకుంటే చాలు కదా అనిపిస్తుంది. సగం నిజం. స్విచ్ బోర్డు గాడులకి ఇంత చురుకైన పనిముట్టు ఇంకోటి లేదు, టైలు మధ్యలో చతురస్రం బెజ్జం కూడా తీస్తుంది. సూటి కోతలకి మాత్రం నేను వద్దంటాను, ఎంత స్థిరమైన చెయ్యి అయినా ఇరవై టైల్స్ పొడవునా ఒకే గీత మీద నడిపించడం కష్టం, పై వరస అంచు అలలు అలలుగా కనిపిస్తుంది.

బ్లేడు అంచు ఎక్కడా తెగకుండా నున్నగా గుండ్రంగా ఉన్నదే తీసుకోండి. మధ్య మధ్య గాడులు ఉన్నది కాంక్రీటుకి, రాయికి, అది గ్లేజ్ మీద పెచ్చులు లేపుతుంది. కర్ర కోసే పళ్ళ బ్లేడు గ్రైండర్‌కి ఎప్పుడూ, ఏ కారణంతోనూ బిగించొద్దు. నిమిషానికి పదివేల చుట్ల వేగంలో పన్ను ఎక్కడైనా పట్టుకుంటే యంత్రం మీ మీదకే ఎగురుతుంది. గార్డు తీసేసి వాడటం కూడా అంతే ప్రమాదం. కళ్ళజోడు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

దుమ్ము గురించి మాత్రం వేరేగా చెప్పాల్సిందే, ఎందుకంటే దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్ళే ఎక్కువ. టైలు దేహంలో క్వార్ట్జ్ ఉంటుంది. పొడిగా కోస్తే ఆ సన్నని స్ఫటిక సిలికా గాల్లో గంటల తరబడి తేలుతుంది, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది, అక్కడి నుంచి బయటికి రాదు. దానివల్ల వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకి నయం చేసే మందు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1997లోనే పని చోట్ల పీల్చే ఈ దుమ్ముని క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గ్రూపులో చేర్చింది. ఒక్క వంటిల్లు చేసుకునేవాళ్ళకి రోజూ ఇదే పని చేసేవాళ్ళంత ముప్పు ఉండదు, నిజమే, కానీ మూసిన గదిలో పొడిగా కోస్తే ఆ దుమ్ము అల్మారాల్లో, గిన్నెల మీద, పిల్లలు పడుకునే గదిలో కూడా చేరుతుంది. ఆరుబయట కోయండి, ఎన్95 లేదా అంతకంటే మంచి మాస్కు ముక్కుకి ఆనించి పెట్టుకోండి, మూతికి కట్టిన గుడ్డ ఈ దుమ్ముని ఆపదు. ఊడ్చకండి, తడిగుడ్డతో తుడవండి. మామూలు గ్రైండర్ మీద నీళ్ళు పోస్తూ కోయడం ఇంకా ప్రమాదం, అది నీళ్ళకి తగ్గట్టు తయారైంది కాదు, షాక్ కొడుతుంది. నీటి గొట్టం బిగించుకునే ఏర్పాటుతో వచ్చే చేతి మార్బుల్ కట్టర్లు ఉంటాయి, దుమ్ము పరంగా అవి నయం, కానీ వాటికీ లీకేజీ బ్రేకర్ ఉన్న ప్లగ్గే కావాలి. వాటి అడుగు పలక వెడల్పు వల్ల చిన్న గాడులు మాత్రం గ్రైండర్‌తో వచ్చినంత వీలుగా రావు.

మిగతా చిన్నవి

టైల్ నిప్పర్ అంటే పటకారులాంటిది, కార్బైడ్ దవడలతో అంచుని కొరుక్కుంటూ పోవాలి. దవడలో సగం మాత్రమే టైలు మీద ఉంచి, గోరంత గోరంత కొరకాలి, ఒకేసారి పెద్ద ముక్క లాగితే టైలు అడ్డంగా పోతుంది. పైపు పక్కన వంపు తీయడానికి బాగుంటుంది, అంచు గరుగ్గా వస్తుంది కాబట్టి పైన మూత పడే చోటే వాడాలి. హాక్సా ఫ్రేముకి బిగించే కార్బైడ్ కడ్డీ రంపం వంపుల్ని బాగా తీస్తుంది, నెమ్మది, చేయి నొప్పి, కానీ మెత్తని టైలులో ఒకటో రెండో వంపులకి అంతకంటే చవకైన దారి లేదు. పైపు బెజ్జానికి డైమండ్ హోల్ సా, అంటే డ్రిల్లుకి బిగించే గుండ్రటి గొట్టంలాంటి బిట్టు. మధ్యలో మొన ఉండదు కాబట్టి నిలువుగా పెడితే టైలు మీద స్కేటింగ్ చేస్తుంది. ముందు ఏటవాలుగా ఆనించి నెలవంకలాంటి గాటు పడ్డాక మెల్లగా నిటారు చేయాలి, డ్రిల్లు వేగం తక్కువ, హ్యామర్ మోడ్ ఆఫ్, టైలు తడి స్పాంజి మీద.

పెన్నులాంటి కార్బైడ్ గీతల పనిముట్టు కూడా ఉంది. ఇనుప స్కేలు ఆనించి గీసి, గీత కింద మేకు పెట్టి రెండు వైపులా నొక్కితే టైలు విరుగుతుంది. ఐదారు కోతలకి ఫర్వాలేదు. ముప్పై ఆరు కోతలకి దీన్ని నమ్ముకోకండి.

ఆ స్విచ్ బోర్డు టైలు

ఇప్పుడు అసలు పరీక్ష. బోర్డు పెట్టె టైలు కింది అంచులోకి చొచ్చుకొస్తే యు ఆకారం కోయాలి. ముందు మెయిన్ ఆఫ్ చేసి, టెస్టర్‌తో చూసుకుని, ఆ తర్వాతే బోర్డు మూత విప్పి కొలవండి. మూత చుట్టూ కొన్ని మిల్లీమీటర్లు కప్పేస్తుంది కాబట్టి గాడి కాస్త వదులుగా ఉన్నా కనపడదు, కానీ మరీ వదులైతే స్క్రూ చెవులకి టైలు ఆనదు, మూత లోపలికి కుంగుతుంది. పెట్టెకి చుట్టూ 2, 3 మిల్లీమీటర్లు సరిపోతుంది.

నేను మొదటిసారి కోసిన యు ముక్క గోడ మీద బ్రహ్మాండంగా కూర్చుంది. మర్నాడు పొద్దున గ్రౌట్ వేద్దామని చూస్తే లోపలి మూల నుంచి టైలు పై అంచు దాకా వెంట్రుక మందాన బీట. కారణం ఆ మూలే. రెండు కోతలు కత్తిలా కలిసిన చోట ఒత్తిడంతా పోగవుతుంది, పైగా గుండ్రటి బ్లేడు గీత దాటి కాస్త ముందుకి కోసేసింది. అప్పటి నుంచి నేను ముందు రెండు లోపలి మూలల్లోనూ 6 మిల్లీమీటర్ల టైల్ బిట్టుతో బెజ్జం పెట్టి, కోతల్ని ఆ బెజ్జాల్లోకి తెచ్చి ఆపుతాను. మూల గుండ్రంగా ఉంటే బీటకి మొదలయ్యే చోటు దొరకదు, ఆ తర్వాత ఒక్క యు ముక్క కూడా అలా పోలేదు.

కోసే తీరు కూడా చెబుతాను. టైలు ముఖం మీద కాగితం టేపు అంటించి దాని మీద పెన్సిల్‌తో గీస్తే గీత చెరగదు, పెచ్చులూ తగ్గుతాయి. పక్క గీతలు రెండూ కోశాక, మధ్యలో మిగిలిన దాన్ని దువ్వెన పళ్ళలా నాలుగైదు మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున కోస్తూ రండి, ఆ పళ్ళని నిప్పర్‌తో ఒక్కొక్కటిగా తుంచేసి, అడుగుని కార్బొరండం సానరాయితో రుద్దేయండి. నీళ్ళ కట్టర్‌లోనూ గ్రైండర్‌తోనూ ఇదే పద్ధతి. బ్లేడు గుండ్రం కాబట్టి గ్రైండర్‌తో పైన గీత దాకా వచ్చినా కింద ఇంకా కోయకుండా మిగిలిపోతుంది, దానికి టైలుని తిరగేసి వెనకవైపు గీత దాటి కాస్త ఎక్కువ కోయాలి, వెనకది ఎవరికీ కనపడదు.

కోసిన ప్రతి అంచునీ కార్బొరండం రాయితో గ్లేజ్ వైపు నుంచి వెనక్కి రుద్దండి, ఎదురు రుద్దితే పెచ్చు లేస్తుంది. కోసిన గ్లేజ్ అంచు గాజు పెంకు లాంటిది, వేలు పెట్టి నున్నగా ఉందో లేదో చూడకండి.

మరి మీకేది?

చిన్న మెత్తని టైల్స్, ఒకటి రెండు బోర్డులు ఉన్న గోడకి చేతి కట్టర్ కొనుక్కోండి, గాడుల కోసం గ్రైండర్ (ఉంటే సొంతది, లేకపోతే అరువు) పక్కన పెట్టుకోండి. నూటికి ఎక్కువమందికి నేను చెప్పేది ఈ జంటే. గ్రైండర్ అంటే భయం ఉన్నవాళ్ళు ఆ భయాన్ని బలవంతంగా అణచుకోవాల్సిన పని లేదు, సూటి ముక్కలన్నీ చేతి కట్టర్‌తో చేసుకుని, గాడి టైల్స్‌కి ఒక్క రోజు నీళ్ళ కట్టర్ అద్దెకి తెచ్చుకోండి, పైన చెప్పినట్టు ఖాళీలు ఉంచి. దుమ్ము పరంగా కూడా అదే మంచిది, ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే నేనైతే వేరే ఆలోచనే చేయను.

పెద్ద టైల్స్, గాజు టైల్స్, ఎగుడుదిగుడు ముఖం ఉన్నవి, 45 డిగ్రీల మూలలు ఉంటే నీళ్ళ కట్టర్, మొదటి నుంచీ. వంటింటి తర్వాత బాత్‌రూమ్ కూడా మీరే చేయాలనుకుంటే చిన్న నీళ్ళ కట్టర్ కొనేయడం రెండుసార్లు అద్దె కట్టడం కంటే తెలివైన పని. బోర్డులు లేని చిన్న గోడ, సింకు వెనక రెండు వరసలు మాత్రమే అయితే గీతల పెన్ను, నిప్పర్, ఒక రాయి చాలు.

నెట్‌కి అంటించిన మొజాయిక్ షీట్లు వేస్తున్నవాళ్ళు ఈ లెక్కలేవీ వేసుకోనక్కర్లేదు. నెట్‌ని కత్తితో కోసి బోర్డు చుట్టూ గింజలు తీసేస్తే సగం పని అయిపోతుంది, మిగిలిన సగం గింజల్ని నిప్పర్‌తో కొరుక్కోవచ్చు.

ఏది తీసుకున్నా కోతల వరస ఒకటే. ముందు సూటి ముక్కలు, తర్వాత మూలలు, గాడులు ఆఖరికి. గాడి టైలు పగిలితే ఇంకోటి కావాలి కాబట్టి మిగులు టైల్స్‌లో నాలుగైదు ముట్టుకోకుండా దానికోసమే పక్కన పెట్టండి. విరిగిన పెద్ద ముక్కల్ని కూడా పారేయకండి, చివర్లలో సగం టైలు కావలసినప్పుడు వాటిలోంచే తీయొచ్చు, కోసిన అంచు గోడ మూలలోకి, ఫ్యాక్టరీ అంచు కనపడే వైపుకి పెట్టుకుంటూ.